అమ్మ గుండెలో చిచ్చుబుడ్డి

నేను ఒక ఎకో ప్రోబ్‌ని. నాకు అన్నిటికంటే ఎక్కువ భయం, తల్లి పోయిన చిన్నపిల్లని చూడటం. వైరు చివర వేలాడే ప్లాస్టిక్ ముక్కకి ఇలాంటి భయం ఏమిటని మీరు అడుగుతారు. నాకూ మొదట్లో లేదు. ఒక రోజు వచ్చింది, వచ్చింది మళ్ళీ పోలేదు. ఆ రోజు సంగతి చెప్పాలంటే ఇప్పటికీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ముందు నేనెవరో చెప్తాను. గుండె స్కానింగ్‌కి వెళ్తే డాక్టరుగారు చల్లటి జిగురు రాసి ఛాతీ మీద ఒకటి ఆనిస్తారు కదా, చేతిలో ఇమిడిపోయేది, అది నేనే. పక్కన చక్రాల మీద నిలబడ్డ పెద్ద మిషను టీవీలాంటి తెర పెట్టుకుని పేరంతా తనే కొట్టేస్తుంది. లోపలికి తొంగి చూసేది మాత్రం నేను. నిజం చెప్పాలంటే చూడను కూడా, వింటాను. మీ చెవికి అందని చప్పుడు ఒకటి లోపలికి పంపుతాను. అది గుండెకి తగిలి వెనక్కి వస్తుంది. వచ్చినదాన్ని బట్టి లోపల ఏముందో చెప్తాను.

రైలు గేటు పడినప్పుడు మీరూ ఆగి ఉంటారు. రైలు మీ వైపు వస్తుంటే కూత సన్నగా, పదునుగా వినిపిస్తుంది. దాటి వెళ్ళగానే అదే కూత బొంగురుపోయి కిందికి జారుతుంది. కళ్ళు మూసుకున్నా సరే, రైలు వస్తోందో పోతోందో చెప్పేయొచ్చు. రక్తం విషయంలో నేను చేసేదీ అంతే. దాన్ని డాప్లర్ అంటారు. నా వైపు వచ్చే రక్తానికి తెర మీద ఎరుపు వేయిస్తాను, నా నుంచి దూరంగా పోయే రక్తానికి నీలం వేయిస్తాను. అంతకు మించి ఆ రంగుల్లో ఏమీ లేదు. కానీ మనుషులు ఎరుపంటే మంచి రక్తం, నీలమంటే చెడిపోయిన రక్తం అనుకుంటారు. ఒక పెద్దాయన తెర మీద నీలం చూసి హడలిపోయి, ఇక జన్మలో తాగనని ఆ మంచం మీదే ఒట్టేశాడు. డాక్టరు ఆయన పొరపాటు సరిదిద్దలేదు. నేనూ ఊరుకున్నాను.

నన్ను సముద్రాల అవతల చేశారు. తెల్ల టోపీలు, మూతికి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు వెంట్రుక మందాన కోసిన స్ఫటికం ముక్కల్ని నా మూతిలో పక్కపక్కనే పేర్చారు. వాళ్ళలో ఒకామె నన్ను అట్టపెట్టెలో పెట్టేముందు గట్టిగా నిట్టూర్చింది. ఇంట్లో ఏం కష్టముందో. గుండెలు వినే వస్తువుని చేసే మనిషి గుండె ఎవరు విన్నారో నాకు తెలియదు.

మొదట హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో పడ్డాను. చలి గది, మెత్తటి మంచం. అక్కడికొచ్చేవాళ్ళలో చాలామందికి ఏ జబ్బూ ఉండేది కాదు, ఉందేమోనన్న దిగులు మాత్రం దండిగా ఉండేది. గుండెకి నాలుగు తలుపులుంటాయి, వాటిని వాల్వులంటారు. రక్తం ముందుకి పోయాక వెనక్కి రాకుండా అవి మూసుకోవాలి. మంచి గుండెలో కూడా ఏదో ఒక తలుపు సందులోంచి చెమ్మ అంత వెనక్కి రావచ్చు. అది లెక్కలోది కాదు. కానీ ఒక బ్యాంకు ఆఫీసరుకి ఆ చెమ్మ చూపించి ‘చాలా స్వల్పంగా లీకు’ అన్నారు. స్వల్పంగా అన్నది ఆయన చెవిన పడలేదు. లీకు ఒక్కటే పడింది. ఆ తర్వాత ఆయన మెట్లెక్కడం మానేశాడు, పచ్చళ్ళు మానేశాడు, మనవరాలిని ఎత్తుకోవడం కూడా మానేశాడు. ఏ జబ్బూ లేనివాళ్ళు ఇంత భయపడతారని అప్పుడు ఆశ్చర్యపోయేదాన్ని. జబ్బున్నవాళ్ళు అసలు భయపడరని తర్వాత తెలిసింది. దాని ముందు ఆ ఆశ్చర్యం ఏపాటిది.

కొత్త మిషన్లు రాగానే నన్ను నరసరావుపేటలో ఒక స్కానింగ్ సెంటరుకి పంపేశారు. అక్కడ అంతా తొందరే. జిగురు ఆరకముందే తర్వాతి మనిషి పడుకునేవాడు. అక్కడ కొన్నేళ్ళు అరిగి, చివరికి గుంటూరు పక్కన ఒక ధర్మాసుపత్రికి చేరాను. అక్కడ నన్ను పట్టుకునే చెయ్యి డాక్టర్ వైదేహిగారిది. యాభై దాటిన మనిషి, పొట్టిగా ఉంటుంది, మాట తక్కువ. కానీ పిల్లల దగ్గర మాత్రం నోరు ఊరుకోదు.

ఆవిడకి ఒక అలవాటుంది. పిల్లలు నన్ను చూసి ఏడిస్తే బొమ్మలివ్వదు, గదమాయించదు. పక్కనున్న తల్లిని పడుకోబెట్టి, ముందు ఆమెకి నన్ను ఆనించి చూపిస్తుంది. అమ్మకి నొప్పి పుట్టలేదని కళ్ళారా చూశాక పిల్లలు వాళ్ళంతట వాళ్ళే మంచమెక్కుతారు. తల్లుల దగ్గర ఊరికే అలా ఆనించి తీసేయడమే, పరీక్ష చేయడం కాదు. అలా ఎంతమంది తల్లుల మీద క్షణం సేపు వాలి లేచానో.

సలోమి కూడా అలాగే పడుకుంది.

ఆ అమ్మాయి కూతుర్ని తీసుకుని వచ్చింది. కూతురి పేరు కెజియా, ఇంకా పలక మీద అక్షరాలు దిద్దే వయసు. బడికి పిల్లల్ని చూడ్డానికి వచ్చిన డాక్టర్లు కెజియా గుండెలో ఏదో చప్పుడు వినిపిస్తోంది, స్కానింగ్ తీయించండి అని చెప్పి వెళ్ళారట. ఆ మాట విన్నప్పటి నుంచి సలోమి తిండి మానేసింది. ఆ సంగతి చెప్పింది వెంట వచ్చిన అత్తగారు రాహేలమ్మ. చెప్పడమంటే దెప్పడమే. గుమ్మంలో అడుగు పెట్టిన దగ్గర్నుంచి ఆవిడ నోరు ఆగలేదు. మా కోడలు భయాల పుట్ట అండీ, పిల్ల తుమ్మితే ప్రార్థన పెట్టిస్తుంది, దీని భయాలు చూసే పిల్ల గుండె దడదడలాడి ఉంటది అని డాక్టరమ్మకి వరసగా అప్పజెప్పింది. సలోమి చిన్నగా నవ్వి ఊరుకుంది. ఆ అమ్మాయి ఏ మాటకైనా ముందు నవ్వుతుంది, తర్వాత జవాబిస్తుంది. నవ్వడానికీ మాటకీ మధ్య ఒకసారి ఊపిరి తీసుకుంటుంది. అది ఎవరూ పట్టించుకోలేదు.

కెజియాకి చొక్కా విప్పగానే ఏడుపు మొదలైంది. నన్ను చూసి ఇస్త్రీ పెట్టె అనుకుంది. వైరుంది, చేత్తో పట్టుకున్నారు, ఒంటికి ఆనించబోతున్నారు, ఇంకేముంది. కాలుద్ది, కాలుద్ది అని నానమ్మ కుచ్చిళ్ళలో దూరింది. డాక్టరమ్మ నవ్వి, సరే ముందు మీ అమ్మకి ఇస్త్రీ చేద్దాం, ఆమెకి కాలకపోతే నువ్వు ఎక్కుతావా అంది. పిల్ల ముక్కు తుడుచుకుని తలూపింది.

సలోమి సిగ్గుపడుతూ హుక్కులు తీసి, పైట కప్పుకుని ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకుంది. పడుకోగానే దగ్గింది. నేను పైట కిందగా వెళ్ళి పక్కటెముకల మధ్య ఆనాను. తెర మీద గుండె కనిపించింది. డాక్టరమ్మ స్టూలు మీద నిలబడ్డ కెజియాకి చూపిస్తోంది. ఇదిగో మీ అమ్మ గుండె, ఇదిగో తలుపులు, తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. పిల్ల ఏడుపు ఆగింది. రంగులు కూడా చూస్తావా అని డాక్టరమ్మ రంగుల బటన్ నొక్కింది. పిల్లని మరిపించడానికే నొక్కింది. ఇంకెందుకూ కాదు.

కెజియా చప్పట్లు కొట్టింది.

“నానమ్మా, అమ్మ గుండెలో చిచ్చుబుడ్డి.”

తెర మీద మూసుకోవాల్సిన తలుపు సందులోంచి సన్నటి రంగుల ధార ఒకటి పైకి చిమ్ముతోంది. నీలం, పసుపు, ఆకుపచ్చ, అన్నీ కలిసిపోయి. రక్తం ఒకే దారిన నెమ్మదిగా పోతే ఒకే రంగు వేస్తాను. ఇరుకు సందులోంచి సుళ్ళు తిరుగుతూ దూసుకొస్తే నాకు ఏ రంగు వేయాలో తెలియక అన్నీ కలిపేస్తాను. ఆ అందమంతా నా తికమకే.

డాక్టరమ్మ తెర దగ్గరికి వంగింది. నన్ను పట్టుకున్న వేళ్ళు బిగుసుకున్నాయి.

మొదట నేను చూపించింది సన్నటి చారే. తొందరలో ఉన్న చెయ్యి అయితే కొంచెం లీకు అని రాసి నన్ను తీసేసేది, నరసరావుపేటలో ఎన్నిసార్లు అలా జరిగిందో నాకు తెలుసు. గది మధ్యలోకి నేరుగా చిమ్మే ధార తెర మీద పెద్దగా కనిపిస్తుంది. గోడని కరుచుకుని పాకేది చిన్నదిగా కనిపించి మోసం చేస్తుంది. బిందె అంచు మీదుగా ఒలికే నీళ్ళు చూడండి, బిందెకి అంటుకుని జారిపోతుంటే చప్పుడుండదు, ధార కనిపించదు, కిందికి వంగి చూస్తే మాత్రం మడుగు. డాక్టరమ్మ నన్ను వంచింది, తిప్పింది, ఇంకాస్త పైకి జరిపింది. ఆ సన్నటి చార గుండె పై గది గోడ పట్టుకుని వెనకదాకా పాకి, ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తనాళాల మొదట్లోకి ఎగదన్నుతోంది. ఆ గది ఉండాల్సినదానికంటే ఎంతో సాగిపోయి ఉంది. చప్పుడు పెంచి వింటే హుస్సుమని, కొట్టుకున్న ప్రతిసారీ హుస్సుమని.

నేను ఎన్ని గుండెలు విన్నాను. చెడిపోయినవి కూడా. కానీ వాటి మనుషులు జబ్బు ఉందని తెలిసి వచ్చినవాళ్ళు. ఈ అమ్మాయి తన కోసం రాలేదు. తన బిడ్డకి ధైర్యం చెప్పడానికి పడుకుంది.

డాక్టరమ్మ గొంతు మారనివ్వకుండా, చూశావా కాలలేదుగా, ఇక నీ వంతు అంది. కెజియా పరుగెత్తుకుంటూ మంచమెక్కింది. సలోమి లేచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తెర వైపే చూస్తూ నిలబడింది. నేను ఆ చిన్న ఛాతీ మీద వాలాను. పిట్ట గుండెలా వడివడిగా కొట్టుకుంటోంది. అన్ని తలుపులూ టక్కుమని మూసుకుంటున్నాయి. ఎరుపు వచ్చింది, నీలం పోయింది, అంతే. ఎదిగే పిల్లల్లో కొందరికి రక్తం ఉరుకులు పెడితే చప్పుడు వినిపిస్తుందట, అది జబ్బు కాదు, పెద్దయ్యే కొద్దీ పోతుందట. డాక్టరమ్మ ఆ మాట చెప్పేసరికి కెజియా మళ్ళీ ఏడుపందుకుంది.

“నాకెందుకు లేదు చిచ్చుబుడ్డి? నాకూ పెట్టు.”

రాహేలమ్మ నవ్వింది. సలోమి నవ్వుతూ కూలబడిపోయి, దేవుడికి స్తోత్రం అంటూ పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. డాక్టరమ్మ ఒక్కతే నవ్వలేదు. స్టూలు దగ్గరికి లాక్కుని సలోమికి ఎదురుగా కూర్చుంది.

తర్వాత జరిగిందంతా ప్రశ్నలే. ఏం పని చేస్తావంటే మిర్చి యార్డు దగ్గర షెడ్డులో కాయల తొడిమలు తీస్తానంది. ఆయాసం వస్తుందా అంటే నవ్వింది. అక్కడ అందరికీ వస్తదండీ, ఘాటు కదా, దగ్గని మనిషే ఉండదు అంది. అది అబద్ధం కూడా కాదు. ఆ షెడ్డులో వందల నోళ్ళు కొంగులు కట్టుకుని దగ్గుతుంటాయి. ఒక గుండె వల్ల వచ్చే దగ్గు ఆ గోలలో ఎవరికి వినపడుతుంది. పక్కనే కూర్చుని తొడిమలు తీసే అత్తకే వినపడలేదు, ఆవిడా దగ్గుతూనే ఉంది మరి. బెల్లం నోట్లో వేసుకుంటే ఘాటు విరుగుతుందని ఆవిడే రోజూ కోడలి కొంగుకి ముక్క కట్టేదట.

వెల్లకిలా పడుకుంటావా అని అడిగింది డాక్టరమ్మ. లేదండి, పడుకుంటే గొంతు దాకా ఏదో వచ్చినట్టుంటది, గోడకి ఆనుకుని పాపని ఒళ్ళో వేసుకుంటాను అంది. రాహేలమ్మ అందుకుని, అదేనండీ నేను చెప్పేది, రాత్రంతా వాచ్‌మెన్‌లాగా కూచునే ఉంటది, ఎవరెత్తుకుపోతారో వీళ్ళని అంది. చిన్నప్పుడు కీళ్ళనొప్పులు వచ్చాయా అని అడిగేసరికి మాత్రం సలోమి నవ్వు ఆగింది. మీకెట్లా తెలుసండీ అంది.

ఎనిమిదో తరగతిలో ఉండగా గొంతు నొప్పి, జ్వరం. అవి తగ్గాక మోకాలు వాచిందట. అది తగ్గి మడమ, అది తగ్గి మోచెయ్యి. బడి ఎగ్గొట్టడానికి నాటకాలని మేష్టరు అన్నాడట. నడవలేక బడి నిజంగానే ఆగిపోయింది. అప్పుడొక డాక్టరు మూడు వారాలకోసారి సూది వేయించుకోమని, ఏళ్ళ తరబడి మానకూడదని చెప్పాడట. కొన్నాళ్ళకి నొప్పులు పోయాయి. నొప్పులే లేనప్పుడు సూదెందుకని మానేసింది. ఇందులో ఎవరిని తప్పు పట్టాలి. కీళ్ళని వాపుతో బాధపెట్టి వదిలేసిన జబ్బు, పోతూ పోతూ గుండె తలుపుని గీరి, ముడిచి పోయింది. కీళ్ళు మరిచిపోయాయి. తలుపు మరిచిపోలేదు.

డాక్టరమ్మ విడమర్చి చెప్పింది. బోరింగులో వాషరు అరిగితే ఎంత కొట్టినా నీళ్ళు సగం వెనక్కి జారతాయి కదమ్మా, నీ గుండెలో అదే జరుగుతోంది. వెనక్కి జారిన రక్తం ఊపిరితిత్తుల్లో నిలవ పడుతోంది. అందుకే దగ్గు. మందులు ఇస్తాను, సూదులు మళ్ళీ మొదలుపెట్టాలి. కానీ తలుపు బాగుచేయాలంటే ఆపరేషనే. కార్డు మీద పెద్దాసుపత్రిలో ఉచితంగా చేస్తారు, నేను రాసిస్తాను. గుండె ఇంకా సాగిపోకముందే చేయించాలి. అది అయ్యేదాకా ఇంకో కాన్పు మాట తలపెట్టకు, ప్రాణం మీదకొస్తుంది.

సలోమి అంతా విని తలూపింది. తర్వాత ముందు నవ్వి, ఊపిరి తీసుకుని అడిగింది.

“పాపకేం లేదు కదండీ?”

“పాపకేం లేదమ్మా. నేను చెప్పేది నీ సంగతి.”

“విన్నానండి. పాపకేం లేదు కదా, చాలు.”

అది విని నాకు పుట్టిన దిగ్భ్రమ ఇప్పటికీ తీరలేదు. చెమ్మ అంత లీకుకి మనవరాలిని ఎత్తుకోవడం మానేసిన మనిషిని చూశాను నేను. ఈ అమ్మాయి గుండె సగం వెనక్కి కారిపోతోందంటే, పండగ కబురు విన్న మనిషిలా వెలిగిపోతోంది.

రాహేలమ్మ మాత్రం లేచి నిలబడింది. పిల్లకి చూడమంటే తల్లికి చూట్టమేంది, ఈ మిషనుకి పిచ్చెక్కిందా అంది. దాని వయసెంత, నిన్నగాక మొన్న కాపరానికొచ్చింది, మిర్చి టిక్కీ, నిండు బస్తా, పక్కకి జరపమంటే చటుక్కున జరుపుద్ది, దానికి గుండె జబ్బేంది. మీ మిషను అందరికీ ఇట్టాగే చెప్తదేమో, నాకు పెట్టండి చూద్దాం. నాకూ లీకంటే ఇది అబద్ధాల మిషనే. అంటూనే మంచమెక్కి పడుకుంది.

డాక్టరమ్మ కాదనలేదు. నన్ను తుడిచి ఆవిడ ఛాతీ మీద పెట్టింది. ఎండకి, బరువులకి రాటుదేలిన ఛాతీ. లోపల గుండె గడియారంలా ఉంది. తలుపులు గట్టిగా, శుభ్రంగా మూసుకుంటున్నాయి. కెజియా వేలు పెట్టి చూపించి, నానమ్మకీ చిచ్చుబుడ్డి లేదు, అమ్మకొక్కదానికే ఉంది అంది.

రాహేలమ్మ తెర వైపు చాలాసేపు చూసింది. ఒక మనిషి తనకు జబ్బు ఉంటే బాగుండునని అంతగా ఎదురుచూడటం నేను అంతకు ముందు చూడలేదు. తర్వాత ఆవిడ మంచం దిగి, కోడలి ఛాతీ మీద ఇంకా అంటుకుని ఉన్న జిగురుని తన కొంగుతో తుడిచింది. హుక్కులు తనే పెట్టింది. నువ్వు మెట్లు దిగొద్దు, ఉండు, బండి ఇక్కడికే పిలుచుకొస్తా అని, ఆ గదికి అసలు మెట్లే లేవన్న సంగతి కూడా మరిచిపోయి బయటికి పోయింది.

కొన్ని వారాలకి సలోమి మళ్ళీ వచ్చింది. మందులు పనిచేశాయి. ఊపిరితిత్తుల్లో నిలవున్న నీరు తగ్గింది, వెల్లకిలా పడుకుంటున్నానని సంబరంగా చెప్పింది. నేను వాలి చూశాను. ధార అలాగే ఉంది. గోడ పట్టుకుని అలాగే పాకుతోంది. పై గది ఇంకాస్త సాగింది. డాక్టరమ్మ తేదీ ఖాయం చేసుకోమంది. సలోమి ముందు నవ్వింది. ఇప్పుడు బాగానే ఉంది కదండీ, కోతకి పోయి కళ్ళు తెరవకపోతే దీని జడెవరు వేస్తారు అంది. రాహేలమ్మ పక్కనే కూర్చుని, వేస్తాలే, నాకు చేతులు లేవా, నువ్వు పోవే అని గొణిగింది. సీజను అయిపోనివ్వండి, కాయ తగ్గాక వస్తాను అంది సలోమి. సూది మాత్రం వేయించుకుంది. గుమ్మం దాటేటప్పుడు కెజియా వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపింది.

కాయ తగ్గింది. మళ్ళీ కొత్త కాయ వచ్చింది. సలోమి రాలేదు. డాక్టరమ్మ కబురు పంపితే, షెడ్డు మారిందని ఒకరు, పుట్టింటికి పోయిందని ఒకరు చెప్పారట. డాక్టరమ్మని కూడా వేరే ఊరికి వేశారు. పోయేముందు కొత్తగా వచ్చినవాళ్ళకి సలోమి గురించి చెప్పే ఉంటుంది, కానీ చెప్పినంత మాత్రాన ముఖం తెలుస్తుందా. ఇంతలో నా మూతి మీద పగులు వచ్చింది. తెర మీద ఒక పక్క నల్లటి చార పడుతోందని నన్ను పీకి, కొత్తదాన్ని తగిలించి, నా వైరు చుట్టి బీరువా పైఅరలో పడేశారు. ఆ కొత్తది ఆరోగ్యంగానే ఉంది, బాగా వింటుందట. కానీ దానికి సలోమి గుండె తెలియదు.

ఇక నేను వినలేను. పరుగెత్తలేను. మీరు నడవగలరు. గుంటూరు వైపు పనుండి వెళ్తే, యార్డు చుట్టుపక్కల షెడ్లలో తొడిమలు తీసే ఆడవాళ్ళ దగ్గర ఒక్కసారి ఆగండి. సలోమి ఎవరని అడగండి. కెజియా వాళ్ళమ్మ అంటే ఇంకా తొందరగా చెప్తారు. పలకరిస్తే ముందు నవ్వుతుంది. ఆయాసపడుతున్నావేంటమ్మా అంటే ఘాటండీ అంటుంది. నమ్మకండి. పక్కన కూర్చుని నెమ్మదిగా అడగండి, రాత్రిళ్ళు వెల్లకిలా పడుకుంటున్నావా, మళ్ళీ గోడకి ఆనుకుని కూర్చుంటున్నావా అని.